యుద్ధం, వీడియో, చూసే కన్ను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

యుద్ధాన్నీ రాజకీయ ఘర్షణల్నీ వీడియో కళాకారులు ఎలా చూపుతున్నారన్న విషయం మీద విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నలివి. కొన్ని చూసేవాళ్లవి, కొన్ని చేసేవాళ్లవి. చేసేవాళ్ల కోసం కొలతలతో సహా చెప్పాం.

ప్రశ్న: టీవీలో, ఫోన్‌లో యుద్ధం రోజంతా కనిపిస్తూనే ఉంది. కూలిన ఇళ్లు, పొగ, ఏడుస్తున్న తల్లులు. ఇక వీడియో ఆర్టిస్టు కొత్తగా చూపించేది ఏముంది?
(బీఎఫ్‌ఏ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: గాయం చూపించడానికైతే వార్తల ఛానల్ చాలు. మంచి వీడియో కళాకారులు గాయం దగ్గర ఆగరు. ఈ దృశ్యం ఎవరు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు, ఏ పరికరంతో తీశారు, మనకెందుకు చూపిస్తున్నారు అని తవ్వుకుంటూ పోతారు.

జర్మన్ దర్శకుడు హారున్ ఫరోకీతో మొదలుపెట్టండి. వియత్నాం మీద అమెరికా వేసిన నాపామ్ బాంబుల గురించి 1969లో ఆయన ‘ఆరని మంట’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న నలుపు తెలుపు చిత్రం తీశారు. అందులో ఆయనే బల్ల ముందు కూర్చుని మాట్లాడతారు. కాలిన ఒళ్లు చూపిస్తే మీరు కళ్లు మూసుకుంటారు, తర్వాత ఆ జ్ఞాపకాన్నీ, చివరికి అసలు నిజాన్నీ పక్కకు నెట్టేస్తారు అన్నది ఆయన మాటల సారాంశం. అది చెప్పి, వెలుగుతున్న సిగరెట్ తీసుకుని తన ముంజేతి మీదే నొక్కి ఆర్పుతారు. సిగరెట్ కాలేది సుమారు 400 డిగ్రీల దగ్గర, నాపామ్ కాలేది 3,000 డిగ్రీల దగ్గర అని ఒక గొంతు వినిపిస్తుంది. మొదటి అంకెను మన కళ్ల ముందే తన చర్మం మీద చూపించారు. రెండోదాన్ని మన ఊహకు వదిలేశారు. మిగతా చిత్రమంతా కర్మాగారం చుట్టూ తిరుగుతుంది. పని ముక్కలు ముక్కలుగా పంచేశారు కాబట్టి తన చేతిలో ఉన్న ముక్క చివరికి ఏమవుతుందో అక్కడ ఎవరికీ పూర్తిగా కనిపించదు. మంటను చూపడం కంటే ఆ మంట తయారయ్యే పద్ధతిని చూపడం ముఖ్యమని ఆయన పట్టుబట్టారు. మా దృష్టిలో ఈ మొత్తం రంగానికి పునాది అక్కడే పడింది.

నలభై ఏళ్ల తర్వాత, 2009-10లో, ఆయనే ‘సీరియస్ గేమ్స్’ అని నాలుగు భాగాల వీడియో చేశారు. మొదటి భాగం కాలిఫోర్నియాలోని ట్వెంటీనైన్ పామ్స్ సైనిక స్థావరంలో తీసింది. ఒక తెర మీద లాప్‌టాప్‌ల ముందు కూర్చున్న సైనికులు, పక్క తెర మీద వాళ్లు ఆడుతున్న యుద్ధపు గేమ్. వాట్సన్ అనే సైనికుడు గేమ్‌లో చనిపోతాడు. కుర్చీలో వెనక్కి వాలతాడు, అంతే. యుద్ధం నుంచి తిరిగొచ్చి మనసు దెబ్బతిన్నవాళ్లకు చేసే చికిత్సలో కూడా దాదాపు అలాంటి కంప్యూటర్ బొమ్మనే వాడతారు. నాలుగో భాగంలో ఫరోకీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక చిన్న తేడా పట్టుకున్నారు. శిక్షణ కోసం చేసిన బొమ్మలో వస్తువులకు నీడలు పడతాయి. చికిత్స కోసం చేసిన బొమ్మలో పడవు, ఎందుకంటే అది చవకరకం. పంపేటప్పుడు పెట్టిన ఖర్చు తిరిగొచ్చాక పెట్టలేదు. ఒక్క నెత్తుటి చుక్క చూపకుండా ఒక రాజ్యం లెక్కలు బయటపెట్టిన పని అది.

మీరు చేయదగిన సాధన ఒకటి ఉంది. 30 సెకన్ల వార్తా దృశ్యం తీసుకుని శబ్దం ఆపేయండి. షాటు షాటుకూ కెమెరా ఎత్తు, దూరం, ఎవరి వైపు నిలబడింది, ఎక్కడ కోత పడింది రాసుకోండి. తర్వాత శబ్దం ఒక్కటే వినండి. స్టూడియోలో అతికించిన పేలుడు చప్పుడు, నేపథ్య సంగీతం అప్పుడు విడిగా దొరుకుతాయి. ఇలా పదిసార్లు చేసేసరికి మీ కన్ను మారుతుంది.

ప్రశ్న: ఒక పుస్తకంలో కాంగో యుద్ధం బొమ్మలు చూశాను. కొండలు, చెట్లు అన్నీ గులాబీ రంగులో మెరిసిపోతున్నాయి. జనం చచ్చిపోయే చోటును అంత అందంగా చూపడం న్యాయమేనా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: మీరు చూసినవి ఐర్లాండ్ కళాకారుడు రిచర్డ్ మోస్ చేసిన పనిలోవి అయి ఉండాలి. ‘ది ఎన్‌క్లేవ్’ పేరుతో 2013 వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆరు తెరల మీద చూపించారు. ఆ రంగు తర్వాత అద్దింది కాదు. కొడాక్ వాళ్ల ఏరోక్రోమ్ అనే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము మీద 16 మిల్లీమీటర్ల కెమెరాతో తీశారు. బతికున్న ఆకు మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, ఈ ఫిల్ము దాన్ని ఎరుపుగా, గులాబీగా నమోదు చేస్తుంది. ఆకుపచ్చ రంగు పూసిన గుడారం అలా వెనక్కి కొట్టదు. చెట్ల మధ్య దాక్కున్న శత్రువును విమానంలోంచి పట్టుకోవడానికే సైన్యాలు ఈ రకం ఫిల్మును వాడాయి. అంటే దాగినదాన్ని బయటపెట్టే యుద్ధ పరికరంతోనే, ప్రపంచం పట్టించుకోని యుద్ధాన్ని తీశారు. అందువల్ల ఆ రంగుకు అర్థం ఉంది.

మీ అభ్యంతరంలోనూ బలం ఉంది. హాల్లో ఆరు తెరల మధ్య నిలబడితే ఏ మూలనుంచి ఏమొస్తుందో తెలియక మనిషి తిరుగుతూ ఉండాలి, సంగీతకారుడు బెన్ ఫ్రాస్ట్ కూర్చిన శబ్దం ఒంట్లోకి దిగుతుంది, అందం కాసేపటికే ఇబ్బందిగా మారుతుంది. పుస్తకంలో ఒక్క బొమ్మగా అచ్చేసినప్పుడు ఆ ఇబ్బంది పోయి అందమే మిగులుతుంది. అది ఈ పనికున్న నిజమైన లోపమే. ఇక కంప్యూటర్‌లో ఆకుపచ్చను గులాబీగా మార్చి అలాంటి వీడియోలు చేసేవాళ్లకు ఒక మాట: ఫిల్ము చరిత్ర లేకపోతే అది ఉత్త రంగు.

తర్వాత 2017లో మోస్ ‘ఇన్‌కమింగ్’ చేశారు. అది శరణార్థుల గురించి. దానికి వాడింది 30 కిలోమీటర్ల అవతలున్న మనిషిని కూడా ఒంటి వేడిని బట్టి పసిగట్టే సైనిక కెమెరా. మనుషులు చర్మం రంగు లేకుండా వేడిగా మాత్రమే కనిపిస్తారు. సరిహద్దు కాపలా వాళ్లను ఎలా చూస్తుందో మనమూ అలాగే చూడాల్సి వస్తుంది. మాకు ‘ఎన్‌క్లేవ్’ కంటే ఇదే గట్టి పని.

ప్రశ్న: ఒక ఆందోళన సమయంలో జనం ఫోన్లలో తీసిన వీడియోలు మా బృందం దగ్గర చాలా ఉన్నాయి. వాటితో ఒక వీడియో పని చేయాలని ఉంది. ఏది నిజమో, ఏది ఎప్పటిదో తేల్చుకోవడం ఎలా?
(ముగ్గురు విద్యార్థులు, గుంటూరు)

జవాబు: ముందు ఫైళ్ల సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో మళ్లీ కుదించబడుతుంది, తీసిన తేదీ, చోటు వంటి సమాచారం పోతుంది. తీసినవాళ్లను వెతికి పట్టుకుని, ‘డాక్యుమెంట్’గా పంపమనండి, లేదా ఫోన్ నుంచే కేబుల్‌తో తీసుకోండి. వచ్చిన వెంటనే ఒక్కో ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం) తీసి ఒక పట్టికలో రాయండి. తర్వాత ఎవరైనా ఫైలు మార్చారన్నా, మార్చలేదన్నా అదే రుజువు. అసలు ఫైలును ఎప్పుడూ ఎడిటింగ్‌లోకి తేకండి, నకలుతో పనిచేయండి. మూడు ప్రతులు, రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి వేరే ఇంట్లో.

తర్వాత నీడ. విజయవాడ, గుంటూరు సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 12 గంటల 7 నిమిషాలకు, కాలాన్ని బట్టి పావుగంట అటూ ఇటూగా. మే మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారం చివరిలోనూ ఆ వేళకు నిలువు స్తంభానికి నీడే ఉండదు. డిసెంబరు 21న అదే వేళకు 10 అడుగుల స్తంభానికి 8 అడుగుల పైచిలుకు నీడ ఉత్తరం వైపు పడుతుంది. వీడియోలో ఎత్తు తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోండి, నీడతో నిష్పత్తి కట్టండి, వెబ్‌లో దొరికే సూర్యస్థానం లెక్కలతో పోల్చండి. తప్పులు మూడు చోట్ల వస్తాయి. నేల వాలుగా ఉంటే నీడ సాగుతుంది, లేదా కురచవుతుంది. ఫోన్ వైడ్ లెన్స్ అంచుల్లో గీతలు వంగుతాయి కాబట్టి ఫ్రేము మధ్యలో ఉన్న వస్తువునే కొలవాలి. ఒకే పొడవు నీడ పొద్దునా, సాయంత్రమూ వస్తుంది కాబట్టి దిక్కు తెలియకుండా వేళ చెప్పకూడదు.

శబ్దం ఇంకా మంచి సాక్షి. బాష్పవాయు గోళం పేలిన మెరుపు కనిపించిన ఫ్రేముకూ, చప్పుడు వినిపించిన ఫ్రేముకూ మధ్య లెక్కపెట్టండి. మన ఎండల్లో, 35 డిగ్రీల వేడిలో, శబ్దం సెకనుకు సుమారు 352 మీటర్లు పోతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము అంటే 14 మీటర్లు. పది ఫ్రేముల తేడా ఉంటే తీసినవాడు 140 మీటర్ల దూరంలో ఉన్నాడు. అయితే చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని వెలుతురును బట్టి మార్చేస్తాయి. అందుకే ముందు నకలును స్థిరమైన ఫ్రేమ్ రేటులోకి మార్చుకుని, అప్పుడు లెక్కపెట్టాలి. ఫార్వర్డై వచ్చిన వీడియోల్లో శబ్దం, బొమ్మ ఒకదాన్నొకటి తప్పి ఉంటాయి, వాటిమీద ఈ లెక్క నిలవదు. రెండు ఫోన్లలో వినిపించిన ఒకే చప్పుడును సరితూచితే వేర్వేరు వీడియోలను ఒకే కాలరేఖ మీదికి తేవచ్చు.

లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో 2010లో మొదలైన ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ బృందం పని ఇదే బాటలో సాగుతుంది. గాజాలోని రఫాలో 2014 ఆగస్టు 1న జరిగిన దాడిని వాళ్లు నీడలు, పొగమేఘాల ఆకారాలు పట్టుకుని గంటల వారీగా పునర్నిర్మించారు. శబ్దంతో పనిచేసే కళాకారుడు లారెన్స్ అబూ హందాన్ ‘ఇయర్‌షాట్’ కూడా చూడండి. వెస్ట్ బ్యాంక్‌లో 2014 మేలో ఇద్దరు కుర్రాళ్లను కాల్చిన చప్పుళ్లను విడదీసి, అవి రబ్బరు గుళ్లు కావు, అసలు గుళ్లేనని చూపించారు. చప్పుడును బొమ్మగా గీసిన స్పెక్ట్రోగ్రామే అక్కడ కళాకృతి.

ఇదంతా చేశాక కూడా ఫోన్ వీడియోలో లెక్కకు అందనిది ఒకటి ఉంటుంది. లెబనాన్ కళాకారుడు రబీహ్ మ్రూయే 2012లో ‘ది పిక్సలేటెడ్ రెవల్యూషన్’లో దాన్నే పట్టుకున్నారు. సిరియాలో ఒకడు బాల్కనీలోంచి ఫోన్‌తో తీస్తున్నాడు. తుపాకి పట్టినవాడు అతన్ని చూశాడు, గురిపెట్టాడు. తీసేవాడు కదల్లేదు, ఫోను అలాగే పట్టుకుని ఉన్నాడు, కాల్పు వినిపించి బొమ్మ దొర్లిపోయింది. ఎందుకు పారిపోలేదు? చిన్న తెరలోంచి చూస్తున్న కన్నుకు ఆ గురి తన మీదనే అని తోచలేదేమో అంటారు మ్రూయే. మీ దగ్గరున్న వీడియోల్లో చేయి వణికిన చోట్లను ‘స్టెబిలైజ్’ చేసి నున్నగా మార్చకండి. ఆ వణుకు సాక్ష్యంలో భాగం.

ప్రశ్న: మా ఫిల్మ్ సొసైటీకి గవర్నరుపేటలో 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గది దొరికింది. ఎదురెదురు గోడల మీద రెండు వీడియోలు ఒకేసారి నడిచేలా పెట్టాలి. మొన్న ప్రయత్నిస్తే అరగంటకే ఒకటి ముందు, ఒకటి వెనక అయ్యాయి.
(ఫిల్మ్ సొసైటీ నిర్వాహకురాలు, విజయవాడ)

జవాబు: రెండు పెన్‌డ్రైవ్‌లు, రెండు ప్లేయర్లు పెట్టి ఒకేసారి బటన్ నొక్కి ఉంటారు. ఏ రెండు ప్లేయర్ల గడియారాలూ సరిగ్గా ఒకేలా నడవవు. పైగా వీడియో అయిపోయి మళ్లీ మొదలయ్యేటప్పుడు ఒక్కో ప్లేయర్ ఒక్కోలా ఆలస్యం చేస్తుంది. లూపు లూపుకూ ఆ తేడా పేరుకుంటుంది.

ఖాయమైన మందు ఏమిటంటే రెండు వీడియోలనూ ఒకే ఫైలు చేయడం. ఒక్కోటి 1920×1080 ఉంటే పక్కపక్కన పెట్టి 3840×1080 ఫైలుగా తీయండి. రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌లున్న ఒక కంప్యూటర్‌లో రెండు ప్రొజెక్టర్లనూ ఒకే పొడవాటి డెస్క్‌టాప్‌గా పెట్టి, అంచుల్లేని విండోలో నడపండి. ఇక జారడానికి ఏమీ లేదు. నాలుగు తెరలైతే 3840×2160 ఫ్రేమును నాలుగు భాగాలు చేసి ఒక్కో మూలలో ఒక్కో వీడియో పెట్టండి. రెండు బై రెండు వీడియో వాల్ కంట్రోలర్ ఆ నాలుగింటినీ నాలుగు ప్రొజెక్టర్లకు పంచుతుంది.

ఇక గది. త్రో నిష్పత్తి 1.5 ఉన్న ప్రొజెక్టర్‌కు 10 అడుగుల వెడల్పు బొమ్మ కావాలంటే 15 అడుగుల దూరం కావాలి. మీ గది 30 అడుగులు కాబట్టి రెండింటినీ గది మధ్యలో, పైకప్పుకు, వీపులు ఎదురెదురుగా వేలాడదీయండి. మధ్యలో అడుగున్నర ఖాళీ వదలండి, లేకపోతే ఒకదాని వేడిగాలిని ఇంకొకటి పీల్చి మేలో మధ్యాహ్నానికి ఆగిపోతాయి. ఆ ఖాళీ మేరకు బొమ్మ అరడుగు తగ్గుతుంది, ఫరవాలేదు. కిటికీలు పూర్తిగా మూస్తే 3,000 నుంచి 3,500 ల్యూమెన్ల వెలుగు చాలు. తెర వాలితే రిమోట్‌లోని కీస్టోన్‌తో సరిచేయకండి, పిక్సెళ్లు పోయి అక్షరాలు అరుగుతాయి. బ్రాకెట్‌నే సరిచేయండి. తెర గోడ మ్యాట్ తెలుపు, మిగతా గోడలు ముదురు బూడిద. ఒక తెర వెలుగు ఎదుటి తెర మీద పడి నలుపును వెలిసిపోయేలా చేయడం ఇలాంటి గదుల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే తంటా.

ఖాళీ గదిలో మాట గింగిరాలు తిరుగుతుంది. పొడవు గోడలకు మందపాటి పరదాలు మడతలు పడేలా వేలాడదీయండి, నేల మీద జంపఖానా పరవండి. స్పీకర్లను ఏ తెర శబ్దం ఆ తెర కిందే, చెవి ఎత్తులో పెట్టండి. కంప్యూటర్‌కూ ప్రొజెక్టర్లకూ విడివిడిగా ఒక్కో కేవీఏ యూపీఎస్ ఉండాలి. దీపం రకం ప్రొజెక్టర్ కరెంటు పోయి హఠాత్తుగా ఆరితే చల్లబడేదాకా మళ్లీ వెలగదు, దీపం ఆయుష్షూ తగ్గుతుంది.

ఎదురెదురు తెరలు ఎందుకో కూడా ఆలోచించండి. ఇరాన్‌లో పుట్టిన కళాకారిణి షిరీన్ నెషాత్ 1998లో చేసిన ‘టర్బ్యులెంట్’లో ఒక తెర మీద మగవాడు నిండు సభకు వీపు పెట్టి పాడతాడు. ఎదుటి తెర మీద ఆడమనిషి ఖాళీ హాల్లో పాడుతుంది. ఇరాన్‌లో మగవాళ్లున్న సభలో స్త్రీ ఒంటరిగా పాడటానికి వీల్లేదు. చూసేవాళ్లు మధ్యలో నిలబడి ఎవరివైపు తిరగాలో తామే తేల్చుకోవాలి. అమర్ కన్వర్ ‘ది లైట్నింగ్ టెస్టిమనీస్’ 2007లో ఎనిమిది తెరలతో వచ్చింది. ఉపఖండంలో ఘర్షణల పేరుతో ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాల గురించి అది. ఒక్కో తెర ఒక్కో చోటు కథ. అన్నీ ఒకేసారి నడుస్తుంటే ఒకటి చూస్తున్నంతసేపూ మిగతా ఏడు మన వెనక జరుగుతూనే ఉంటాయి. మీ పనికి అలాంటి కారణం లేకపోతే ఒక్క తెరే మంచిది.

ప్రశ్న: కల్పిత సాక్ష్యాలు తయారుచేసి యుద్ధం గురించి చెప్పే కళాకారులు ఉన్నారట. అది మోసం కాదా?
(న్యాయవాది, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మీరు అడుగుతున్నది వాలిద్ రాద్ గురించి. లెబనాన్ అంతర్యుద్ధం మీద ‘ది అట్లాస్ గ్రూప్’ అనే ఊహాజనిత సంస్థ పేరుతో దస్తావేజులు చేశారు. ‘హోస్టేజ్: ది బచార్ టేప్స్’లో బీరూట్‌లో అమెరికన్లతో పాటు బందీగా ఉన్నానని చెప్పే అరబ్బు మనిషి నటుడే, ఆ పాత్ర కల్పితం. అమెరికన్ బందీలు మాత్రం నిజం, వాళ్లు పుస్తకాలు రాసుకున్నారు. ఆ గదిలో అరబ్బు మనిషి ఉండి ఉంటే అతని మాట ఎవరు వినేవారు అన్నదే ప్రశ్న. కోర్టులో ఇది సాక్ష్యం కాదు, కాబోనని అదే పరోక్షంగా చెబుతుంది. కల్పితమని ఎక్కడా ఆచూకీ ఇవ్వకుండా, జరిగిన హత్యకు దొంగ వీడియో చేస్తే అది మోసమే. ఇప్పుడు కృత్రిమ మేధతో అది నిమిషాల పని కాబట్టి ఈ గీత గట్టిగా గీయక తప్పదు.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. పల్నాటి యుద్ధం మీద, ఇప్పటి ఊళ్ల కక్షల మీద కలిపి ఏదైనా చేయాలని కోరిక. ఎలా మొదలుపెట్టాలి?
(యువ పాఠకుడు, గుంటూరు)

జవాబు: డబ్బు లేకపోవడం ఈ విషయంలో పెద్ద అడ్డు కాదు. ఫ్రాన్సిస్ అలిస్ అనే కళాకారుడు 2004లో చిల్లుపడ్డ రంగు డబ్బా పట్టుకుని జెరూసలేంలో పాత యుద్ధవిరామ రేఖ వెంట నడిచారు. 24 కిలోమీటర్ల గీతకు 58 లీటర్ల ఆకుపచ్చ రంగు పట్టింది. ఆ రేఖను మొదట పటం మీద ఇజ్రాయెల్ సైనికాధికారి మోషే దయాన్ ఆకుపచ్చ పెన్సిల్‌తో గీశారు. 1:20,000 పటం మీద 3 మిల్లీమీటర్ల గీత అంటే నేల మీద 60 మీటర్లు. ఆ పెన్సిల్ మందంలో ఎవరి ఇళ్లున్నాయి అన్నది ఆ నడకలోంచి పుట్టిన ప్రశ్న. మీ ఊళ్లో కక్ష ఏ గీత దగ్గర ఉందో, చెరువు గట్టో, రెండు వీధుల మధ్య సందో, దాన్ని కనుక్కోండి. చేయాల్సిన పని అక్కడ దొరుకుతుంది.

పాత కథకు నీడలు బాగా నప్పుతాయి. నళినీ మలానీ ‘ఇన్ సెర్చ్ ఆఫ్ వానిష్డ్ బ్లడ్’లో పారదర్శక పాలిస్టర్ గొట్టాల మీద బొమ్మలు వేసి, నెమ్మదిగా తిప్పుతూ, వాటిలోంచి ప్రొజెక్టర్ వెలుగు పంపారు. వీడియో, నీడ ఒకే గోడ మీద కలుస్తాయి. మన తోలుబొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు కాబట్టి నీడ బొమ్మంతే ఉంటుంది. ఇక్కడ బొమ్మ గోడకు దూరంగా ఉండటంతో పెరుగుతుంది. వెలుగు నుంచి గోడకు 12 అడుగులు, వెలుగు నుంచి బొమ్మకు 4 అడుగులు ఉంటే అడుగు బొమ్మ మూడడుగుల నీడ అవుతుంది. నిమిషానికి 4, 5 చుట్లు తిరిగే 12 వోల్టుల గేర్ మోటారు సరిపోతుంది. వేగం పెరిగితే యుద్ధం కాస్తా తిరునాళ్ల బొమ్మలా అయిపోతుంది. షీటు సాగి వంకర తిరిగితే పైనా కిందా ప్లైవుడ్ చక్రాలు బిగించండి.

మనుషుల్ని మాట్లాడించేటప్పుడు జాగ్రత్త. అత్యాచార బాధితుల ఆనవాళ్లు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. కేసుల్లో ఉన్న పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉంది. కక్షల కేసుల్లో సాక్షులకైతే ప్రాణభయమే ఉంటుంది. ముఖం మీద గళ్లు వేస్తే సరిపోదు, అలా మసకేసిన బొమ్మలోంచి మనిషిని గుర్తుపట్టే పద్ధతులు ఉన్నాయి. గొంతును సాగదీస్తే తిరిగి సరిచేయగలరు. ముఖం అసలు తీయకండి. మాటలను రాసుకుని వేరేవాళ్ల గొంతుతో చెప్పించండి, ఊరి పేరు, చుట్టరికాల పేర్లు తీసేయండి. చేతులు, ఇల్లు, చెట్టు చూపండి. అయితే ఇంటి గుమ్మం, వాకిట్లో బండి నంబరు కూడా ఆనవాళ్లే.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో మొదలయ్యే వీరుల ఉత్సవాలకు వెళ్లండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు సాగుతాయి. మొదటి రెండు రోజులు ఫోను జేబులోనే ఉంచి వినండి. పూజలో ఉన్న ఆయుధాలనూ, ఒంటిమీదికి వీరుడు వచ్చినవాళ్లనూ పెద్దల్ని అడగకుండా దగ్గరకెళ్లి తీయకండి. కథ పాడే వీరవిద్యావంతుల గొంతు మీ వీడియోలో వాడుకుంటే, ఎక్కడెక్కడ చూపిస్తారో ముందే చెప్పి, వాళ్ల పేరు వేసి, పారితోషికం చేతికివ్వండి.